కొత్తకోడలి ఎడమవైపు

నవంబరు 3, సోమవారం

వెళ్తున్నాను! వెళ్తున్నాను, వెళ్తున్నాను. ముందు ఈ ముక్క రాసేసుకుంటే తప్ప మిగతాది రాయలేను.

డాల్ఫిన్ మేడమ్ పొద్దున షాపుకి ఫోన్ చేశారు. ఎత్తింది బావ. అలవాటు కొద్దీ "మీ ఆర్డరు రెడీ అండి, వచ్చి తీసుకెళ్ళొచ్చు" అనేశాడట. అవతల ఆవిడ "నా ఆర్డరు మీ మరదలండీ. ఎప్పుడు పంపిస్తున్నారు?" అన్నారట. సాయంత్రం లోపల ఆ మాట కళ్ళద్దాల కోసం వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వించాడు.

ఈ సీజనంతా డాల్ఫిన్లని లెక్కపెట్టే టీములో ట్రైనింగ్. నాతోపాటు ఇంకో అబ్బాయి. జనవరి ఆఖరుకి ఇద్దర్లో ఒక్కరినే టీములో ఉంచుకుంటారు. మేడమ్ ఆ సంగతి దాచకుండా చెప్పారు.

ఇన్నాళ్ళూ ఆదివారాలు టూరిస్టు బోటులో మైకు పట్టుకుని "అదుగో, అటు చూడండి!" అని అరవడమే నా సముద్రం. మిగతా వారమంతా బావ షాపులో ఫ్రేములకి అద్దాలు బిగించడం. పోయిన నెల ఒకావిడ టోపీ పెట్టుకుని ఆఖరి బెంచీలో కూర్చుని నా వాగుడంతా విన్నారు. దిగేటప్పుడు, "నువ్వు చెప్పినదాంట్లో సగం తప్పు. కానీ అందరికంటే ముందు నువ్వే చూస్తున్నావు" అన్నారు. ఆ తప్పుల సగం ఏదో చెప్పమని అప్పట్నుంచి ఆవిడ ప్రాణం తీశాను. విసిగిపోయి పిలిచారేమో కూడా.

అక్క మొహం మాడ్చుకుంది. "ముప్పై నాలుగొచ్చాయే నీకు. ఇప్పుడు చేపల వెంట పడతావా?"

"చేపలు కాదక్కా."

"ఏదో ఒకటి. నీళ్ళలోనేగా ఉండేది."

సీజను అయ్యేదాకా నా కుర్చీ ఎవరికీ ఇవ్వనన్నాడు బావ. మంచి మనిషి. కానీ కిటికీ పక్కన ఆ కుర్చీ నాకోసం కాచుకుని కూర్చుంటుందని తలుచుకుంటే నీరసం వచ్చేస్తోంది. దాంట్లో మళ్ళీ కూర్చోను. కూర్చోను గాక కూర్చోను.

నవంబరు 4

వాంతులు. లెక్కపెట్టలేదు. రేపు మళ్ళీ వెళ్తున్నాను.

నవంబరు 12

వాంతులు తగ్గాయి. బోటు నడిపే బాబాయ్, "కడుపులో ఏమీ లేకుండా వస్తే ఇంకా తిప్పుతుందమ్మా, రెండు బిస్కెట్లు నములుతూ దూరంగా గీతకేసి చూస్తూ ఉండు" అన్నాడు. ఆ గీతంటే నీళ్ళూ ఆకాశమూ కలిసేచోటు. చూస్తూ చూస్తూ ఇవాళ మొదటి రెక్క నేనే కనిపెట్టాను.

మా ఆఫీసు గురించి రాసుకోవాలి. జెట్టీ పక్కన పాత ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఒకే ఒక గది. రెండు బల్లలు, ఒక కంప్యూటరు, ఎప్పటికీ ఆరని లైఫ్‌జాకెట్ల వాసన. గోడ నిండా డాల్ఫిన్ల వీపురెక్కల ఫొటోలు. మనకి మొహం ఎలాగో వాటికి వీపురెక్క అలాగ. రెక్క వెనక అంచు మీద గంట్లు, పక్కన గీతలు, మచ్చలు చూసి ఎవరెవరో చెప్పాలి. ఒక్కోదానికీ ఒక నంబరు, ఒక ముద్దుపేరు. రంపం, చిరుగుచెంగు, మొద్దబ్బాయి... ముందు కనిపెట్టినవాళ్ళే పేరు పెట్టాలట. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు కుదురు లేదు.

కింది వరసలో ఉన్నవి కనబడకుండా పోయినవి. అందులో మొదటిది పెద్దావిడ, ఒకటో నంబరు. ఎడమవైపు, రెక్క మొదట్లో తెల్లటి నెలవంక మచ్చ. ఆ ఫొటో మీద మాత్రం దుమ్ము ఉండదు.

రూలు ఏమిటంటే ప్రతిదానికీ రెండు వైపులా ఫొటో ఉండాలి. ఎడమవైపు మచ్చ కుడివైపు కనబడదు కాబట్టి, ఒక వైపే చూస్తే ఒకే డాల్ఫిన్‌ని ఇద్దరి కింద లెక్కేస్తాం. "కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఇదే" అన్నారు మేడమ్. నాకు నవ్వొచ్చింది. పొద్దస్తమానం కుడికన్ను, ఎడమకన్ను అంటూ బతికినదాన్ని, నాకా చెప్పడం!

రెండో ట్రైనీకి గోల్డ్‌మెడల్ అని నేనే పేరు పెట్టాను. నిజంగానే వచ్చిందట. కుర్రాడు మంచివాడే, నాకంటే పదేళ్ళు చిన్న. డాల్ఫిన్ కనబడగానే పుస్తకంలో పేరాగ్రాఫు చదివినట్టు మాట్లాడతాడు. భయంగా ఉంది వాణ్ణి చూస్తే. అన్నీ తెలుసు వాడికి.

నవంబరు 21

కొత్తది! కొత్తది దొరికింది! నాకు!

నెమ్మదిగా రాస్తాను. పొద్దున గుంపు ఎప్పటిలాగే ఒడ్డు వెంబడి లైట్‌హౌస్ వైపు పోతోంది. మేమూ ఎప్పటిలాగే వాటికి సముద్రం వైపున. సూర్యుడు మన వీపు వెనక ఉంటేనే రెక్క మీద గీతలు తేటగా కనబడతాయి. ఎదురుగా ఉంటే ఏదైనా నల్లటి అట్టముక్కే. అందుకని బోటు ఎప్పుడూ ఇవతలే ఉంటుంది. గుంపు వెళ్ళిపోయింది. అందరూ కెమెరాలు దించేశారు. నేను ఊరికే వెనక్కి చూశాను. ఒకత్తి, చాలా వెనకబడి, మెల్లగా, మమ్మల్ని పట్టించుకోకుండా వస్తోంది. రెక్క వెనక అంచు మీద ఇంత లోతు గంటు.

తీశాను.

గదికొచ్చి గోడనీ కంప్యూటర్నీ జల్లెడ పట్టాం. అలాంటి గంటు ఎవరికీ లేదు. మేడమ్ కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, మళ్ళీ కిందకి దింపుకుని, "నలభై ఏడు" అన్నారు. "తాత్కాలికంగా. ఎడమవైపు కూడా వచ్చాక ఖాయం చేద్దాం. పేరు చెప్పు."

అందరికంటే వెనక, తలొంచుకుని, సిగ్గుపడుతూ నడిచింది కదా. కొత్తకోడలు అన్నాను. గోల్డ్‌మెడల్ చప్పట్లు కొట్టాడు, పాపం.

ఇంటికొచ్చి వంటింట్లో గంతులేశాను. "కొత్తకోడలేమిటే, ఎవరింటికి?" అంది అక్క. బావ మాత్రం, "మన షాపుకొస్తే ఫ్రేము ఫ్రీ అని చెప్పు" అన్నాడు.

నవంబరు 22

ఇంకా నిద్రపట్టలేదు. నలభై ఏడు నాది.

డిసెంబరు 1

ఇవాళ తిమింగలం. తిమింగలమండీ! (డైరీని అండీ అంటున్నాను. మతిపోయింది.)

దూరంగా నీళ్ళలోంచి ఆవిరి లేచింది, పొడుగ్గా, మళ్ళీ ఇంకోసారి. బాబాయ్ ఇంజను ఆపేశాడు. ఆ వీపు పైకొచ్చింది, వస్తూనే ఉంది, ఎంతకీ అయిపోదే! చిట్టచివర తోక లేచి, నీళ్ళు కారుకుంటూ లోపలికి దిగిపోయింది. ఏడుపొచ్చేసింది నాకు. బాబాయ్ టోపీ తీసేశాడు.

ఫొటోలేవని మేడమ్ అడిగితే గోల్డ్‌మెడలూ నేనూ మొహాలు చూసుకున్నాం. ఒక్కటి కూడా తియ్యలేదు. ఇద్దరం నోళ్ళు తెరుచుకుని నుంచున్నాం. వాడైతే లెన్సు మూతే తియ్యలేదు. తిడతారనుకుంటే మేడమ్ తన కెమెరా చూపించారు. అందులోనూ ఏమీ లేదు.

డిసెంబరు 14

కొత్తకోడలు మళ్ళీ కనబడింది. మళ్ళీ కుడివైపే. ఎప్పుడొచ్చినా ఇంతే, ఒక్కసారి కూడా తిరగదు. మిగతావన్నీ బోటు చుట్టూ గిరికీలు కొడతాయి, ఈవిడకి మాత్రం మా బోటంటే లెక్కేలేదు. అటువైపు వెళ్దామంటే రాళ్ళు, పైగా ఎదురెండ. మధ్యాహ్నం అవి తిరిగొచ్చే వేళకి గాలి లేచి నీళ్ళన్నీ తెల్లబడిపోతాయి. చూద్దాం.

మధ్యాహ్నం గదిలో మేడమ్, నేను. కింది వరస ఫొటోలు తుడుస్తూ తనే మొదలుపెట్టారు. అప్పట్లో ఆవిడ స్కూల్లో లెక్కల టీచరట. బోటు లేదు, టీము లేదు. బడికి ముందు పాత జెట్టీ చివర నుంచుని కనబడ్డవాటిని ఫొటోలు తీసేవారట. అలా ఎదురెండ లేని ఒక మబ్బు రోజున మొదట దొరికింది పెద్దావిడ. ఆ నెలవంక చూడ్డం కోసమే రోజూ పరిగెత్తేవారట.

"ఆఖరిసారి రెక్కకి వలముక్క చిక్కుకుని ఉంది," అన్నారు. "బోటు అద్దెకి తీసుకుని దగ్గరిదాకా వెళ్ళాను. చేతికందేంత దగ్గర. కత్తి తీసుకెళ్ళడం మర్చిపోయాను."

ఈ బోటు ఆ తరవాతే కొన్నారట.

ఇంకొక సంగతి. కొత్తకోడలి ఫొటో పెద్దది చేసి చూస్తుంటే రెక్క వెనకాల, వీపు గట్టు మీద, సన్నగా తెల్లటి మొన ఒకటి ఉంది. నీళ్ళ మీద వెలుగు మెరిసి ఉంటుంది.

డిసెంబరు 15

వెలుగే.

డిసెంబరు 29

మేడమ్ రిపోర్టు మొదలుపెట్టారు. మొదటి పేజీలోనే కొత్తకోడలు, నా ఫొటోతో. ఈ సీజనులో వచ్చిన ఒకే ఒక్క కొత్త డాల్ఫిన్. ఎడమవైపు ఫొటో పెట్టడానికి పక్కన ఖాళీ వదిలారు. టీముకి డబ్బులిచ్చే కమిటీవాళ్ళకి అది చూపించే మా ఇద్దర్లో ఎవరిని ఉంచుకుంటారన్నది చెబుతారేమో. గోల్డ్‌మెడల్‌కి చదువుంది. నాకు నలభై ఏడుంది. ఇది న్యాయంగానే ఉంది కదా.

బావకి చెప్పాను. "అంటే ఆ కోడలే నీ ఉద్యోగం నిలబెడుతోందన్నమాట. ఏ ఇంట్లోనూ కోడళ్ళకింత మర్యాద ఉండదు" అన్నాడు. అక్క వాణ్ణి గరిటతో కొట్టింది. (బావని వాడు అన్నాను. కొట్టెయ్యాలి.)

జనవరి 8

మూడోసారి. కుడివైపే. ఈసారి ఇంకా మెల్లగా పోతోంది. పాపం ఒంట్లో బాగాలేదేమోనని బాబాయ్‌తో అంటే, "భారంగా ఉందమ్మా మనిషి" అన్నాడు. తిండి బాగా దొరుకుతోందేమో.

మళ్ళీ ఆ తెల్లటి మొన కనబడింది. కెమెరా వేరే, ఎండ వేరే, అయినా అక్కడే. లెన్సు మీద ఉప్పునీటి చుక్క పడి ఉంటుంది.

జనవరి 9

లెన్సు తుడిచాను. శుభ్రంగానే ఉంది. రాత్రే ఎవరో తుడిచి ఉంటారు.

జనవరి 18, ఆదివారం

అక్క జెట్టీకొచ్చింది! చెప్పకుండా, డబ్బాలో ఉడకబెట్టిన గుడ్లు పట్టుకుని. ఊరికే అటుగా వచ్చానంది. అటుగా వస్తే ఐసు ఫ్యాక్టరీ మేడ ఎక్కుతారా ఎవరైనా? గోడ మీది ఫొటోలన్నీ చూసింది. కొత్తకోడలి ముందు చాలాసేపు నుంచుంది. "ఇది నువ్వు తీసిందేనా?" అని అడిగి, అందరికీ గుడ్లు పంచి, వెళ్ళిపోయింది. పొంగిపోయాను. ఇరవయ్యేళ్ళప్పుడు ఒక్కసారైనా అక్క నావైపు ఇలా చూసుంటే ఎప్పుడో ఈ నీళ్ళలో పడేదాన్ని.

అది కొత్తదే. కొత్తదే అయ్యుండాలి.

జనవరి 25, ఆదివారం

బావకి జ్వరం. షాపు తెరిచి కూర్చున్నాను. ఆ కిటికీ పక్క కుర్చీలోనే. వేరే కుర్చీ లేదు మరి.

ఒక పెద్దాయన ఫ్రేము తిరిగిచ్చాడు, పక్కన గీత పడిందని. నేను లోపలి వైపు నుంచి చూశాను, ఏమీ లేదు. "గీతేం లేదండీ" అన్నాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని, తిప్పి, బయటివైపు చూపించాడు. కమ్మీ పొడుగునా గీత. నేను చూసినవైపు దాని కొస మాత్రం అంచు మీదుగా తొంగిచూస్తోంది, తెల్లగా, సన్నగా.

ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ ఫ్రేము అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను.

వెలుగు కాదు. నీటి చుక్కా కాదు. అవతలివైపున్న నెలవంక కొస. నాకు ఎప్పట్నుంచి తెలుసో నాకే తెలీదు.

కానీ ఆ లోతు గంటు? పెద్దావిడ అంచు నున్నగా ఉండేది. వల. వల కోసుకుపోతే గంటు పడుతుంది.

అలా అయితే నలభై ఏడు లేదు. రిపోర్టు మొదటి పేజీ లేదు. ఈ కుర్చీ ఉంది.

అలా కాకపోవచ్చు కూడా. ఎడమవైపు చూడందే ఎవరు మాత్రం చెప్పగలరు? ఎవరూ చూడలేదు. ఇంకొక్క ట్రిప్పు ఉంది, శుక్రవారం. అదీ ఎప్పటిలాగే ఇవతలివైపు నుంచే కదా.

జనవరి 29

రేపే ఆఖరిది. గోల్డ్‌మెడల్ నా కెమెరా కూడా తుడిచి పెట్టాడు. వీడు కాస్త చెడ్డవాడైనా బాగుండేది.

రేపు ఎండ గట్టిగా కాయాలి. ఒట్టు, అదే కోరుకుంటున్నాను.

జనవరి 30, శుక్రవారం

ఒళ్ళంతా ఉప్పు, గొంతు పోయింది, వేళ్ళు వంగట్లేదు, ముందు రాసేస్తాను.

పొద్దున్నే మబ్బు. మొత్తం ఆకాశం బూడిద రంగు. సూర్యుడు ఎక్కడున్నాడో కూడా తెలీదు. ఎదురెండ లేదు. మేడమ్ ముందు వైపు, గోల్డ్‌మెడల్ మధ్యలో, నేను బాబాయ్ పక్కన. గుంపు వచ్చింది, పోయింది. వెనకాల ఆవిడ, మెల్లగా.

నా నోరు ఊరుకోలేదు. "బాబాయ్, ఇవాళ ఎండ లేదు కదా. అటువైపు వెళ్దామా?"

"అటు రాళ్ళమ్మా."

"మెల్లగా వెళ్దాం బాబాయ్. ఒక్కసారి."

ఎందుకన్నానో నాకు తెలీదు. తెలుసు. ఇక ఆగలేకపోయాను. ఆ రెండో వైపు ఏముందో చూడకుండా ఒక్క రోజు కూడా బతకలేననిపించింది, అంతే.

బాబాయ్ మేడమ్ వైపు చూశాడు. ఆవిడ సరేనన్నట్టు చెయ్యి ఊపారు. చుట్టూ తిరిగి, ఒడ్డుకీ వాటికీ మధ్యలోకి వచ్చాం. ఇంజను చప్పుడు కూడా తగ్గించాడు. నీళ్ళు నూనెలా ఉన్నాయి. ఎదురుచూశాం.

లేచింది.

నెలవంక! రెక్క మొదట్లో, తెల్లగా, గోడ మీద ఉన్నట్టే, అచ్చంగా అలాగే!

"పెద్దావిడ! మేడమ్, పెద్దావిడ! పెద్దావిడ బతికే ఉంది!" అని కేకలు పెట్టాను. ఎగిరాను. బోటు ఊగిపోయింది. మేడమ్ పరిగెత్తుకొచ్చి, కాలు జారి, నా భుజం పట్టుకుని నిలబడ్డారు. గోళ్ళు దిగిపోయాయి. నేను ఫొటోలు తీస్తూనే ఉన్నాను, అరుస్తూనే ఉన్నాను. ఆవిడ మాత్రం, "వల లేదు. వల ఊడిపోయింది. చూడు, వల లేదు" అని అదే మాట పదే పదే అంటున్నారు.

అప్పుడు గోల్డ్‌మెడల్ మెల్లగా అన్నాడు: "పక్కన చూడండి."

పెద్దావిడ పక్కన, ఒంటికి అంటుకుని, ఇంతే ఇంత. పిల్ల! ఒంటి మీద అడ్డంగా లేతరంగు చారలు. తల్లి కడుపులో ముడుచుకుని పడుకున్న మడతలు ఇంకా పోలేదు, పుట్టి ఎన్నో రోజులు కాలేదు. సముద్రం వైపు బోటు ఉంటుందని దాన్ని ఒడ్డువైపు దాచుకుని వస్తోంది తల్లి. మేం ఇవతలే ఉండుంటే ఇవాళ కూడా మాకు కనబడేది కాదు. సిగ్గుపడే కొత్తకోడలట! మూడు వారాల కిందట నిండుచూలాలు. బాబాయ్ చెప్పనే చెప్పాడు భారంగా ఉందని. తిండి ఎక్కువైందని రాసుకున్నాను నేను.

మేడమ్ కూర్చుండిపోయారు. ఏడుస్తూ నవ్వుతున్నారు. బాబాయ్ టోపీ తీశాడు. నాకు ఇంత సంతోషం ఎప్పుడూ లేదు, ఎప్పుడూ.

ఇంటికొచ్చి తల తుడుచుకుంటుంటే గుర్తొచ్చింది. నలభై ఏడు లేదు.

జనవరి 31

బావకి మొత్తం చెప్పాను. జ్వరం మొహంతోనే నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. "కొత్తకోడలనుకుంటే ఆ ఇంటికే పెద్దత్తగారా!" అని. తరవాత నా మొహం చూసి ఆపేశాడు.

"అటువైపు తిప్పమని నువ్వే అడిగావా?" అంది అక్క.

"ఊఁ."

"తెలిసే?"

అక్క జవాబు కోసం ఆగలేదు. నా తలకి నూనె రాసింది, చిన్నప్పటిలా. ఉప్పుకి జుట్టంతా పాడైపోయిందని తిడుతూనే ఉంది.

ఫిబ్రవరి 2, సోమవారం

గదికి వెళ్ళేసరికి గోడ మీద పెద్దావిడ లేదు. తల పైకెత్తితే పై వరసలో, మొట్టమొదట, ఒకటో నంబరు. పక్కపక్కనే రెండు ఫొటోలు. ఎడమవైపు మేడమ్ పాత జెట్టీ మీంచి తీసింది. కుడివైపు నవంబరులో నేను తీసింది.

"ఇన్నేళ్ళూ నాదగ్గర ఆవిడ సగమే ఉంది" అన్నారు మేడమ్. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, మళ్ళీ దింపుకున్నారు.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల గోల్డ్‌మెడల్‌తో మాట్లాడుతున్నారు. వాడు బయటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిమింగలాలని లెక్కపెట్టే ఓడలో ఉద్యోగానికి రాసుకుంటున్నానన్నాడు. మేడమ్ సిఫార్సు ఉత్తరం ఇస్తానన్నారట.

"అంటే...?" అన్నాను.

"అక్కా, మీరలా అరిచినప్పుడు నేను మీ మొహం చూశాను. ఆ నలభై ఏడు పోతే మీకేం పోతుందో మా అందరికీ తెలుసు. మీకొక్కరికే గుర్తులేదు," అన్నాడు. "మేడమ్ కూడా అదే అన్నారు."

బుర్ర పనిచెయ్యలేదు. వాడే చెయ్యి పట్టుకుని లేపి లోపలికి తోశాడు.

నా పేరుతో ఒక లైఫ్‌జాకెట్ మేకుకి వేలాడుతోంది. తడిది, పాతది, వాసన. హత్తుకున్నాను దాన్ని. బావకి ఫోన్ చేసి కుర్చీ ఇచ్చెయ్యమన్నాను. "ఇచ్చి వారమైంది. నీకు చెప్పొద్దని మీ అక్క ఒట్టేయించుకుంది" అన్నాడు.

సాయంత్రం మేడమ్ కంప్యూటరు ముందు కూర్చుని నలభై ఏడో పేజీ తెరిచారు. కొత్తకోడలన్న పేరు చెరిపేసి, ఫొటో తీసేసి, శుక్రవారం నేను తీసిన పిల్ల ఫొటో అక్కడ పెట్టారు. ఎడమవైపుది. కుడివైపు చోటు ఖాళీగా ఉంది.

"ముందు చూసింది గోల్డ్‌మెడలే, కానీ పేరు నిన్నే పెట్టమన్నాడు," అన్నారు నావైపు తిరిగి. "పేరు చెప్పు."

పెదవుల దాకా వచ్చింది, నాలుగు పేర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ. నాలుక కరుచుకున్నాను.

కుడివైపు కూడా చూశాక చెబుతానన్నాను.